చేతివాటం లేని చీట్లపేక ఇంద్రజాలం

ఇంద్రజాలమనగానే మనకు ముందుగా స్ఫురించేది చేతివాటం. పెద్దలు దీనినే హస్తలాఘవమన్నారు. చూపరి కన్ను ఒకవైపు ఉండగా ఐంద్రజాలికుని వ్రేళ్ళు మరొకవైపు పని ముగించివేస్తవి. ఇది సంవత్సరాల సాధనతో అబ్బే విద్య. అయితే ఈ సాధన ఏ మాత్రమూ అవసరం లేని మరొక తెగ ఇంద్రజాలం కూడా ఉన్నది. ఇందులో ముక్కను దాచనక్కరలేదు, మార్చనక్కరలేదు, గుర్తు పెట్టనక్కరలేదు. చెప్పిన వరుసలో ముక్కలు పంచి, చెప్పిన వరుసలో ప్రోగుచేస్తే చాలు, ఫలితం తనంతట తానే వచ్చి నిలుస్తుంది. గడియారానికి తాళమిచ్చి వదలితే ముళ్ళు వాటంతట అవే తిరిగినట్లు ఈ వినోదం లెక్క బలం మీద నడుస్తుంది. అమెరికాలో కార్ల్ ఫుల్వ్స్ అనే రచయిత 1976లో ఈ తెగ వినోదాలు కొన్నిటిని ఒక పుస్తకంగా కూర్చినాడు. అప్పటి నుండి దీనిని తేలిక విద్యగా భావించేవారు పెరిగినారు. ముక్కల పని తేలికే. సభను రంజింపజేయడం మాత్రం తేలిక కాదు. ఆ రెండవ సంగతిని గురించే ఈ వ్యాసంలో ఎక్కువగా చెప్పదలచినాను.

పేకముక్కలను కళాశాల వేదిక మీదికి తేవచ్చునా అన్న సందేహం పెద్దలకు కలగడం సహజం. మన మందస, పలాస ప్రాంతాలలో పేక అనే మాటకు జూదమనే అర్థమే ముందు తోస్తుంది. కొబ్బరితోట చాటున పందెం ఆడి జీడిపిక్కలు అమ్మిన సొమ్ము పోగొట్టుకున్నవాని కథ వినని ఊరు ఉద్దానంలో అరుదు. పందెపు ఆటలను అరికట్టడానికి 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. ఇక జూదం నిషిద్ధమని చిన్ననాటనే నేర్పే ఇండ్ల నుండి వచ్చిన విద్యార్థులు మన కళాశాలలో ఎందరో ఉన్నారు. ఈ అభ్యంతరం త్రోసివేయదగినది కాదు. దానికి సమాధానం చెప్పే ముందు పేక చరిత్రను కొంచెం తడవవలసి ఉన్నది.

మన దేశపు పాతపేక గంజిఫా. ఈ ఆట పారశీక ప్రాంతం నుండి మొగలుల వెంట వచ్చింది. సింధు దేశాధిపతి షా హసనుకు ఈ ఆట మీద మక్కువ ఉండగా, అతనికి గంజిఫా పంపించినట్లు బాబరు చక్రవర్తి తన స్వీయచరిత్రలో 1527 నాటి సంగతులలో వ్రాసుకున్నాడు. అక్బరు కాలపు పేక వర్ణన అబుల్ ఫజల్ రచించిన ఐనె అక్బరీలో కనిపిస్తుంది. అదే గంజిఫా ఒరిస్సా చేరి గంజప్ప అయినది. గుడ్డకు మెత్తి గట్టిపరచి గుండ్రంగా కోసిన బిళ్ళల మీద దశావతారాలను చిత్రించి, అవతారానికి 12 చొప్పున 120 ముక్కల పేకను తయారుచేశారు. మనకు పొరుగున ఉన్న పర్లాకిమిడి ఆ చిత్రకారుల స్థావరాలలో ఒకటి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మందస జమీందారీ కూడా పర్లాకిమిడితో పాటు గంజాం జిల్లాలోనిదే. మొగలు దర్బారు ఆట, వైష్ణవ చిత్రకారుని కుంచె ఒక్క బిళ్ళ మీద కలిసిన చోటు మనకింత సమీపంలో ఉన్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో!

ఇప్పుడు వాడుకలో ఉన్న 52 ముక్కల పేక ఐరోపా వర్తకుల వెంట వచ్చినది. మనం కళావరు, ఆఠీను అంటాము. డచ్చి భాషలో ఆ రంగులకు క్లావర్, హార్టెన్ అని పేర్లు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం, భీమునిపట్నం రేవులలో డచ్చివారు వర్తకం సాగించిన సంగతిని గుర్తుకు తెచ్చుకుంటే ఈ పోలిక వెనుక దారి కొంత కనిపిస్తుంది.

ఇక అభ్యంతరానికి సమాధానం. మనం చేయబోయే వినోదానికి రాజు, రాణి, ఆసు బొమ్మలతో పనే లేదు. లెక్కకు ముక్క మీద ఏమున్నదో అక్కరలేదు, ముక్క ఎన్నవ స్థానంలో ఉన్నదో అదొక్కటే కావలెను. కనుక జూదపు పేకను తాకకుండానే మన పేకను మనమే తయారుచేసుకోవచ్చు. పాత పెండ్లి శుభలేఖల అట్టలను ఒకే కొలతకు కత్తిరించి 21 ముక్కలు చేయండి. ఒక్కొక్క ముక్క మీద మన ప్రాంతపు ఊరి పేరొకటి పైభాగాన తెలుగులోను, క్రింద ఉర్దూలోను వ్రాయండి. మందస, హరిపురం, పలాస, కాశీబుగ్గ, టెక్కలి, నౌపడ, పూండి, వజ్రపుకొత్తూరు, బారువ, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం, మెళియాపుట్టి, పాతపట్నం, నందిగాం, సంతబొమ్మాళి, కోటబొమ్మాళి, భావనపాడు, అక్కుపల్లి, డోకులపాడు. సరిగా 21 అయినవి. వెనుకవైపు అన్ని ముక్కలకూ ఒకే విధంగా ఉండవలెను. శుభలేఖ అచ్చు ఒకదానికి కనబడి మరొకదానికి కనబడకపోతే సభలో ఎవడో ఒకడు దానినే రహస్యమనుకుంటాడు. వెనుక తెల్లకాగితం అంటించడం మేలు.

వినోదం జరిగే విధానమిది. సభలో నుండి ఒకరిని పిలిచి ముక్కలన్నిటినీ వారి చేతనే బాగా కలిపించండి. వారు మనసులో ఒక ఊరిని తలచుకోవలెను. తలచిన పేరును ఒక కాగితం మీద వ్రాసి, మీరు వెనుదిరిగి ఉండగా సభకు చూపించవలెను. ఆ తరువాత ముక్కలను పేర్లు పైకి కనబడేటట్లు ఎడమ నుండి కుడికి ఒక్కొక్కటిగా మూడు వరుసలలో పంచండి. మొదటి ముక్క మొదటి వరుసకు, రెండవది రెండవ దానికి, మూడవది మూడవ దానికి, నాల్గవది మరల మొదటి వరుసకు. ముక్క మీద ముక్క కొద్దిగా జారినట్లుంచితే అన్ని పేర్లూ కనిపిస్తవి. వరుసకు ఏడేసి ముక్కలు వస్తవి. తలచిన ఊరు ఏ వరుసలో ఉన్నదో చెప్పమనండి. ఊరి పేరు మాత్రం అడగవద్దు. ఏ వరుసలోని ముక్కల క్రమమూ చెదరకుండా ప్రోగుచేసి, చెప్పిన వరుసను మిగిలిన రెండింటి మధ్య ఉంచి, కట్టను బోర్లించండి. పై ముక్క నుండి మరల అదే విధంగా పంచండి, అడగండి, చెప్పిన వరుసను మధ్య నుంచండి. మూడవసారి కూడా ఇంతే. మూడవసారి ప్రోగుచేసిన తరువాత ఆ ఊరు కట్టలో 11వ స్థానంలో ఉంటుంది. ఎవరు కలిపినా, ఏ ఊరు తలచినా అది 11వ ముక్కే.

కారణం ఊహకందనిది కాదు. చెప్పిన వరుసను మొదటిసారి మధ్య నుంచగానే తలచిన ముక్క 8 నుండి 14 వరకు గల స్థానాలలో ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఎందుకంటే దానికి పైన ఏడు, క్రింద ఏడు ముక్కలున్నవి. రెండవసారి పంచేటప్పుడు మూడేసి ముక్కలు ఒక అడ్డవరుసగా పడతవి. 8, 9 స్థానాలవి మూడవ అడ్డవరుసలోను, 10, 11, 12 స్థానాలవి నాల్గవ దానిలోను, 13, 14 స్థానాలవి ఐదవ దానిలోను చేరుతవి. అంటే చెప్పిన వరుసలో ఆ ముక్క మూడవది గాని, నాల్గవది గాని, ఐదవది గాని అయి ఉండవలెను. ఆ వరుసను మధ్య నుంచితే పైనున్న ఏడింటిని కలుపుకొని దాని స్థానం 10, 11, 12లలో ఒకటి అవుతుంది. మూడవసారి పంచితే ఈ మూడు స్థానాలూ నాల్గవ అడ్డవరుసలోనే పడతవి. కాబట్టి అది ఏ నిలువు వరుసలో ఉన్నా నాల్గవ ముక్కే. పైన ఏడు ముక్కలు చేరగానే 11వది అయి తీరుతుంది. ఏడింటికి నాలుగు నడిమి స్థానం, ఇరవై ఒకటికి పదకొండు నడిమి స్థానం. అందుచేత కట్టను పొరపాటున తలక్రిందుగా పట్టుకున్నా పైనుండి లెక్కించినా, క్రిందనుండి లెక్కించినా అదే ముక్క వస్తుంది. క్రొత్తగా నేర్చేవారికి ఈ వినోదం ఇంత నమ్మకమైనది కావడానికి ఇదే కారణం.

మూడు వరుసల ఈ సమస్యను ఫ్రాన్సు దేశపు బాషే 1612లో వెలువరించిన వినోద గణిత గ్రంథంలో చర్చించినాడు. రెండు వందల ఏండ్ల తరువాత ఆ దేశపు గణితవేత్తయే జెర్గోన్ దానిని ఎన్ని వరుసలకైనా వర్తించే సూత్రంగా విస్తరించినాడు. ఆ సూత్రం ప్రసక్తి ముందు వస్తుంది.

లెక్క తెలిసినంత మాత్రాన వినోదం పండుతుందా? పండదు. 21 ముక్కలను మూడుసార్లు పంచడమంటే 63 ముక్కలు పంచడం. ఒక మనిషి వేదిక మీద తలవంచుకొని 63 ముక్కలు పంచుతూ ఉంటే వెనుక వరుసలలోని వారు కబుర్లలో పడడంలో వారి తప్పేమీ లేదు. ఈ వినోదానికున్న పెద్ద లోపం ఇదే. చేతివాటంతో చేసే ప్రదర్శనలో వ్రేళ్ళ వేగమే చూపరిని పట్టి ఉంచుతుంది. ఇక్కడ వ్రేళ్ళకు పని లేదు గనుక ఆ భారమంతా మాట మీద పడుతుంది. మన అవధానాలలో పృచ్ఛకుడు గంటలు కొడుతుండగా లెక్క తప్పక పద్యం చెప్పే అవధానిని సభ ఎందుకు కన్నార్పక చూస్తుంది? ఏ క్షణంలో తప్పిపోతుందోనన్న ఉత్కంఠ వల్లనే. తనంతట తాను పనిచేసే వినోదంలో తప్పిపోయే ప్రమాదం లేదు. ఆ సంగతి ప్రదర్శకునికి తెలుసు గనుక అతని ముఖంలో ధీమా తొణికిసలాడుతుంది, సభకు ఉత్కంఠ తగ్గిపోతుంది. అందుచేత వాచకం ముందుగా సిద్ధం చేసుకొనవలెను.

ఊళ్ళ పేర్ల పేకకు వాచకం దానంతట అదే దొరుకుతుంది. మూడు వరుసలను మూడు బస్సులనుకోండి. పలాస కాంప్లెక్సులో మూడు బస్సులు నిలిచి ఉన్నవి. బస్సుకు ఏడుగురు ప్రయాణికులు. మీరు కండక్టరు. ముక్క వేసేటప్పుడల్లా "టెక్కలి ఎక్కండి, బారువ ఎక్కండి, సోంపేట వెనక్కు జరగండి" అంటూ పిలవండి. "తమ్ముడూ, నీ ఊరివాడు ఏ బస్సులో కూర్చున్నాడు?" అని అడగండి. చెప్పగానే "ఆ బస్సు చెడిపోయిందట, అందరూ దిగి వేరే బస్సులు ఎక్కండి" అని ముక్కలు ప్రోగుచేయండి. రెండవసారి మరొక వంక, మూడవసారి ఇంకొక వంక. సంక్రాంతి రద్దీలో ఇచ్ఛాపురం దారిన ప్రయాణం చేసినవారెవరికైనా ఈ బాధ పరిచితమే. నవ్వుతున్న సభ ముక్కలు లెక్కపెట్టదు. పంచడం ఎందుకు మూడుసార్లు అన్న ప్రశ్న కూడా వారికి తోచదు, ఎందుకంటే బస్సులు చెడిపోవడానికి కారణం ఎవరూ అడగరు.

ముక్కను బయటపెట్టే తీరు ఇంకొక ముఖ్యాంశం. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కించి 11వ ముక్క తిప్పితే రహస్యమంతా అక్కడే బయటపడుతుంది. అంకెలకు బదులుగా అక్షరాలు వాడండి. "ఉద్దానం కొబ్బరి జీడిమామిడి" అనే మూడు మాటలలో తెలుగు లెక్కన సరిగా 11 అక్షరాలున్నవి. ఉ, ద్దా, నం. కొ, బ్బ, రి. జీ, డి, మా, మి, డి. అక్షరానికొక ముక్క చొప్పున బోర్లా వేస్తూ, చివరి 'డి' దగ్గర పడిన ముక్కను తిప్పి చూపవలెను. మన ఉర్దూ విభాగపు మిత్రులకు ఇంతకంటె సొగసైన మార్గమున్నది. ప్రదర్శన ముగిస్తూ సభకు సలాము చేయండి. "అస్సలాము అలైకుమ్" అన్న పలకరింపును ఉర్దూ లిపిలో వ్రాస్తే అలిఫ్, లామ్, సీన్, లామ్, అలిఫ్, మీమ్ అని ఆరు, ఐన్, లామ్, యే, కాఫ్, మీమ్ అని ఐదు, వెరసి 11 హర్ఫులే. రెండు లిపులూ ఒకే ముక్క దగ్గర ఆగుతవి. ఇది కాకతాళీయమే గాని, రెండు భాషల సభలో ఒకరు తెలుగు మాటలతో, మరొకరు ఉర్దూ సలాముతో అదే ఊరిని వెలికితీస్తే చూడముచ్చటగా ఉంటుంది.

సభామర్యాదలు కొన్ని ఉన్నవి. వేదిక మీదికి వచ్చినవారిని నవ్వులపాలు చేయరాదు, నవ్వవలసినది బస్సుల మీద. వచ్చినవారు పెద్దలైతే "తమరు", "అయ్యా", "అమ్మా" అని సంబోధించడం, కూర్చోవడానికి కుర్చీ చూపడం కనీస ధర్మం. తలచిన పేరును కాగితం మీద వ్రాయించడాన్ని ఎన్నడూ మానవద్దు, ఎందుకంటే నడుమ మరచిపోయేవారున్నారు, చివరకు కావాలని మాట మార్చేవారూ లేకపోలేదు. కాగితం సభ చూసి ఉన్నది గనుక ఆ రెండు చిక్కులూ తొలగిపోతవి. వేదిక ఎక్కకముందు ముక్కలు 21 ఉన్నవో లేవో రెండుసార్లు లెక్కించుకొనవలెను. ఈ వినోదం బెడిసికొట్టడానికి ముఖ్యంగా రెండే మార్గాలు. ఒక ముక్క తక్కువ కావడం, పంచేటప్పుడు రెండు ముక్కలు అతుక్కొని రావడం. సముద్రపు గాలికి అట్టలు చెమ్మగిల్లే మన ప్రాంతంలో రెండవదానికి అవకాశమెక్కువ. ముందు రోజు ముక్కలను కాసేపు ఎండలో ఉంచితే సరిపోతుంది.

ఒకే సభలో దీనిని రెండవసారి చేయరాదు. "మరొక్కసారి" అన్న కేక తప్పక వస్తుంది, కాని రెండవసారి చూసేవాడు 11ను పట్టేస్తాడు. అప్పుడు మీ దగ్గర దీని అన్నగారు సిద్ధంగా ఉండవలెను. జెర్గోన్ సూత్రం ఇక్కడ అక్కరకు వస్తుంది. పేకకు బెండి, బొరివంక, జలుమూరు, హిరమండలం, సారవకోట, నరసన్నపేట అనే ఆరు ఊళ్ళు చేర్చి 27 ముక్కలు చేయండి. ఇప్పుడు ఒకరు ఊరిని తలచుకుంటారు. మరొకరు 1 నుండి 27 లోపల ఒక సంఖ్యను పైకి చెబుతారు. ఆ ఊరు ఆ సంఖ్య గల స్థానానికే వచ్చి నిలవవలెను.

సభ 22 అన్నదనుకోండి. మనసులో దాని నుండి ఒకటి తీసివేయండి, 21 మిగులుతుంది. ఆ 21లో తొమ్మిదులు ఎన్ని? రెండు, అవి పోగా 3 మిగిలింది. అందులో మూడులు ఎన్ని? ఒకటి, అది పోగా మిగిలినది సున్న. ఈ మూడు అంకెలను చివరి నుండి చదవండి: సున్న, ఒకటి, రెండు. ఒక్కొక్కసారి ప్రోగుచేసేటప్పుడు చెప్పిన వరుస మీద ఎన్ని వరుసలుండవలెనో ఈ అంకెలు తెలుపుతవి. సున్న అంటే దానిని అన్నిటికంటె పైన, ఒకటి అంటే మధ్య, రెండు అంటే అడుగున ఉంచవలెను. మొదటిసారి పైన, రెండవసారి మధ్య, మూడవసారి అడుగున ఉంచితే తలచిన ఊరు 22వ ముక్కగా వస్తుంది. పైన, అడుగున అనేవి ముక్కలు బోర్లా ఉన్నప్పటి లెక్క. కనుక ఒక్కొక్క వరుసను ముందు బోర్లించి, తరువాత ఒకదానిమీద ఒకటి పేర్చడం క్షేమం. 21 ముక్కల వినోదం లాగా ఇది తలక్రిందులను క్షమించదు. సభ 14 అంటే మాత్రం మూడుసార్లూ మధ్యనే, ఎందుకంటే 27కు నడిమి స్థానం 14.

27 మాత్రమే ఎందుకు, 30 ఎందుకు కాకూడదు అని చురుకైన విద్యార్థి అడగవలసిన ప్రశ్న. మనం మూడు ప్రశ్నలు అడుగుతున్నాము, ప్రతి ప్రశ్నకు మూడే సమాధానాలు సాధ్యం. మూడును మూడుసార్లు గుణిస్తే 27. అంటే ఎదుటి వ్యక్తి తన మూడు జవాబులతో 27 సంగతులలో ఏదో ఒకదానిని మనకు నిశ్చయంగా తెలియజేయగలడు. 27ను 9కి, 9ని 3కు, 3ను 1కి తగ్గించేది అతని మాటే. ఐంద్రజాలికుడు మనసు చదివినాడని సభ అనుకుంటుంది గాని నిజానికి మనసులోని మాటను విడతలుగా చెప్పినది ఆ వ్యక్తే. 28వ ముక్క చేరితే రెండు ముక్కలకు ఒకే జవాబుల వరుస రాక తప్పదు, అప్పుడు ఈ వినోదం హామీ ఇవ్వలేదు. గణిత విభాగం వారు దశాంశ పద్ధతి కాని సంఖ్యామానాలను బోధించేటప్పుడు ఈ 27 ముక్కలను తరగతికి తీసుకుపోవచ్చునని నా అభిప్రాయం.

కరెంటు పోయిన సాయంత్రాలకు పనికివచ్చే చిన్న వినోదమొకటి ఇక్కడే చెప్పి ముందుకు పోతాను. అవే 27 ముక్కలలో 9 పేర్లు పైకి, మిగిలినవి బోర్లా ఉండేటట్లు ఎవరి చేతనైనా కలిపించండి. చీకటిలో ఆ కట్టను తీసుకొని, ఏవైనా సరే 9 ముక్కలు వేరుచేసి ఆ తొమ్మిదింటినీ ఒక్కసారిగా తిరగవేయండి. దీపం వెలిగించి చూస్తే రెండు భాగాలలోను పేర్లు పైకి ఉన్న ముక్కలు సమానంగా ఉంటవి. మీ చేతికి వచ్చిన తొమ్మిదిలో నాలుగు పైకి ఉన్నవనుకుంటే అవతల మిగిలినవి ఐదు. తిరగవేయగానే మీ వద్ద బోర్లా ఉన్న ఐదూ పైకి వస్తవి. నాలుగుకు బదులు ఏ సంఖ్య వేసుకున్నా ఇంతే.

రహస్యం చెప్పవచ్చునా అన్నది ఐంద్రజాలికులలో పాతకాలపు తగవు. వృత్తి మీద బ్రతికేవారి రహస్యాన్ని వీధిన పెట్టడం న్యాయం కాదు. మన వినోదం ఎవరి సొత్తూ కాదు, నాలుగు వందల ఏండ్ల నాడే అచ్చయిన గణితం. పెండ్లివారింట చూపినప్పుడు చెప్పనక్కరలేదు, విందు రుచి చెడగొట్టడమవుతుంది. బడిలోను, గ్రామసభలోను చెప్పి తీరవలెనని నేనంటాను. దానికి కారణమున్నది.

మన ఉత్తరాంధ్రలో చిల్లంగి అనే మాట ఉన్నది. తెలంగాణలో దీనికి సాటివచ్చేది బాణామతి. ఒకరికి జబ్బు చేస్తే మరొకరు చిల్లంగి పెట్టినారని అనుమానించి ప్రాణాలు తీసిన ఘటనలు మన కాలంలోనూ వార్తలలో వచ్చినవి. మనసులోని మాట చెప్పగలనన్నవాడు ఎదుటనుంటే, ఆ శక్తితోనే దోషిని కూడా చెప్పగలడని నమ్మేవారికి కొదువ లేదు. తెలుగునాట ఇంద్రజాలానికి, మనస్తత్వ శాస్త్రానికి ఎంతో ప్రచారం కలిగించి 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ గారు, గారడీల గుట్టు విప్పుతూ ఊరూరా ప్రదర్శనలిచ్చిన జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు ఈ పని ఎందుకు పెట్టుకున్నారో దీనిని బట్టి గ్రహించవచ్చు. వేదిక మీద "నాకు మనసు చదివే శక్తి ఉన్నది" అన్న ఒక్క వాక్యం విద్యార్థి సరదాకు అన్నా, విన్నవారందరూ దానిని సరదాగానే తీసుకుంటారన్న హామీ లేదు. కండక్టరు వాచకాన్ని నేను సిఫారసు చేయడానికి రెండవ కారణం ఇదే. కండక్టరుకు మంత్రశక్తి ఉంటుందని ఎవరూ అనుకోరు.

అయినా ప్రదర్శన ముగిసిన తరువాత ఒక మామ్మ దగ్గరికి వచ్చి "బావూ, నా సెవిపోగులు ఎవులు తీసినారో సెప్పగలవేటి?" అని అడిగితే ఏమి చేయవలెను? నవ్వి ఊరుకోరాదు. ఇది వట్టి లెక్క అని చెప్పి పంపివేసినా ఆమె నమ్మదు, తెలిసి కూడా దాస్తున్నాడనుకుంటుంది. ఆమెను కూర్చోబెట్టి 21 ముక్కలూ ఆమె చేతికే ఇవ్వండి. చదువురానిదైతే పేర్లు చదవడానికి మనుమరాలిని ప్రక్కన కూర్చోబెట్టండి. మీరు ఒక ఊరిని తలచుకొని కాగితం మీద వ్రాసి మనుమరాలికి మాత్రమే చూపండి. ఆమె చేతనే మూడు బస్సులు నింపించండి, మీరు బస్సు చూపుతూ పోండి, ఆ బస్సును నడుమ పెట్టమని మాత్రం చెప్పండి. మూడవసారి ముక్కలు ప్రోగైన తరువాత మీరు చేతులు కట్టుకొని దూరంగా జరగండి. ఉద్దానం, కొబ్బరి, జీడిమామిడి అని అక్షరానికొక ముక్క వేస్తూ ఆమే లెక్కపెట్టి, చివరి ముక్కను ఆమే తిప్పుతుంది. మీరు తలచిన ఊరు ఆమె చేతిలోనే ఉంటుంది.